పొద్దున ఆరింటి ఫ్లైట్‌ను ఓరుగల్లు ఎందుకు ఎక్కలేదు: ఒక ప్రాంతీయ విమాన రూటు కేస్ స్టడీ

నేపథ్యం

విమాన సంస్థలకు రూటు ప్లానింగ్‌లో, టికెట్ ధరల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. ఉండేది హనుమకొండలో. ఈ కేసు ఒక కొత్త ప్రాంతీయ ఎయిర్‌లైన్‌ది. ఆ సంస్థ పేరు గానీ, దానికి ఎదురు నిలిచిన పెద్ద సంస్థ పేరు గానీ, ఫ్లైట్ వెళ్లే ఊరి పేరు గానీ చెప్పను. టైములు కాస్త జరిపాను. డబ్బు అంకెలు లెక్క తెలియడానికి గుండ్రంగా వేసినవి. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

సంస్థ దగ్గర మూడు ఏటీఆర్ 72 విమానాలున్నాయి. రెక్కలకు పంకాలుండే టర్బోప్రాప్ రకం, 72 సీట్లు. ఇంధనం జెట్ కంటే బాగా తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వే మీద దిగుతుంది. 80 సీట్ల లోపు విమానాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ చార్జీ కూడా ఉండదు. చిన్న ఊళ్లకు తిరగాలనుకునే ఏ కొత్త సంస్థ అయినా ఏటీఆర్ దగ్గరికే రావడానికి కారణాలివే. హైదరాబాద్‌ను కేంద్రంగా పెట్టుకుని వీళ్లు కొన్ని రూట్లు మొదలుపెట్టారు. వాటిలో ఒకటి దక్షిణాదిలో స్పిన్నింగ్ మిల్లులకు పేరున్న ఊరికి. దాన్ని ఇక్కడ మిల్లుల ఊరు అంటాను.

ఆ రూటుతో వరంగల్‌కు ఏం సంబంధమంటే, పత్తి. ఎనుమాముల మార్కెట్‌కు, చుట్టుపక్కల మార్కెట్లకు వచ్చే పత్తి జిన్నింగ్ మిల్లుల్లో గింజ వేరై, బేళ్లై, అందులో పెద్ద వాటా దక్షిణాది స్పిన్నింగ్ మిల్లులకు పోతుంది. బేరం ఫోన్‌లోనే అయిపోతుంది, 356 కిలోల క్యాండీకి ఇంత అని. తగాదా మాత్రం ఫోన్‌లో తెగదు. తేమ ఎక్కువుందనో, చెత్త ఎక్కువుందనో మిల్లువాళ్లు రేటు కోస్తారు, పేమెంట్ ఆపుతారు. అప్పుడు మనిషి వెళ్లి కూర్చోవాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా మన జిల్లాల నుంచి ఆ ఊరికి ఇలాంటి ప్రయాణాలు ఆగవు. రైల్లో అయితే పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి. ఫ్లైట్ గంటన్నర.

వచ్చిన సమస్య

మొదటి రెండు నెలలు రూటు బాగానే నడిచింది. హైదరాబాద్‌లో ఉదయం 6:10కి బయలుదేరే ఫ్లైట్ అది. ఆ తర్వాత పెద్ద సంస్థ అదే రూటులో తన ఏటీఆర్‌ను దింపింది. బయలుదేరే టైము 5:45. సాయంత్రం కూడా మా వాళ్ల రిటర్న్ ఫ్లైట్‌కు కొంచెం ముందు ఒకటి వేసింది. ధర మా వాళ్ల ధరలో మూడింట రెండు వంతులు.

కొత్త సంస్థ ఒక రూటు మీద డబ్బు చేసుకుంటోందని తెలియగానే పాత సంస్థ దాని టైముకు అటూ ఇటూ తన ఫ్లైట్లు పెట్టడం ఈ వ్యాపారంలో చాలా పాత ఎత్తు. చట్టం ప్రకారం దాన్ని ఆపడం కష్టం. 1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయ్యాక దేశంలో టికెట్ ధర నిర్ణయం సంస్థల చేతికే వచ్చింది. కోవిడ్ కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా ప్రభుత్వం కింది, పై హద్దులు పెట్టింది. ఆ తర్వాత అవీ పోయాయి.

ఆరో వారానికి మా వాళ్ల ఫ్లైట్‌లో సగం సీట్లు కూడా నిండడం లేదు. నన్ను పిలిచింది అప్పుడు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనికిరాలేదు

యాజమాన్యం అప్పటికే ధర తగ్గించేసింది. ఎదుటివాడు 3,000 అంటే వీళ్లూ 3,000. సీట్లు కొంచెం నిండాయి, నష్టం ఇంకా పెరిగింది. నేను బోర్డు మీద వేసి చూపిన లెక్క ఇది. ఒక ట్రిప్పుకు ఇంధనం, లీజు, పైలట్లు, మెయింటెనెన్స్, గ్రౌండ్ ఖర్చులు అన్నీ కలిపి 2,40,000 అనుకుందాం. పన్నులు పోగా సీటుకు 4,800 చేతికొస్తే 50 సీట్లతో ఖర్చు తీరుతుంది. 3,000 వస్తే 80 సీట్లు నిండాలి. విమానంలో ఉన్నవే 72. అంటే ప్రతి రోజూ చివరి సీటు దాకా నిండినా నష్టమే.

పెద్ద సంస్థకూ అదే లెక్క వర్తిస్తుంది కదా, వాళ్లెలా తట్టుకుంటారని ఒక డైరెక్టర్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. వాళ్ల మొత్తం ఫ్లైట్లలో ఈ రూటు ఎంత? గింజలో నూరో వంతు. మా వాళ్లకు మొత్తం రాబడిలో ఇదే పెద్ద ముక్క. పైగా మిల్లుల ఊరి నుంచి వాళ్ల ఫ్లైట్ ఎక్కినవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో దిగి అదే సంస్థ ఫ్లైట్‌లో ఢిల్లీకో, కోల్‌కతాకో పోతారు. ఒకే టికెట్, లగేజీ నేరుగా చివరి ఊళ్లో చేతికొస్తుంది, మొదటి ఫ్లైట్ లేటైతే తర్వాతి దాంట్లో కూర్చోబెట్టే బాధ్యత కూడా సంస్థదే. 3,000లో పోయింది ఆ పై ప్రయాణంలో వాళ్లకు తిరిగొస్తుంది. మా వాళ్లకు అలా తిరిగొచ్చే దారి లేదు. ధరతో ధర ఢీకొంటే ముందు ఎవరి డబ్బు అయిపోతుందో చెప్పడానికి సలహాదారుడు అక్కర్లేదు.

ఫిర్యాదు చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ పోటీదారును తరిమేయడానికి ఖర్చు కంటే తక్కువకు అమ్మితే అది చట్ట ఉల్లంఘనే. అయితే నిరూపించాల్సినవి చాలా ఉన్నాయి. మార్కెట్ అంటే ఈ ఒక్క రూటా, హైదరాబాద్ మొత్తమా? ఎదుటివాడి అసలు ఖర్చెంత? ఉద్దేశం ఏమిటి? అలాంటి కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. సంస్థ చేతిలో ఉన్న డబ్బు కొన్ని నెలలకు. ఫిర్యాదు హక్కును వదులుకోవద్దు, దాని మీద బతుకు పెట్టుకోవద్దు అని చెప్పాను. కాగితాలన్నీ భద్రం చేయించి పక్కన పెట్టించాను.

రెండో ప్రయత్నం ఏజెంట్ల కమిషన్ పెంచడం. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో టికెట్లు ఇప్పటికీ చాలావరకు ఏజెంట్ల చేతుల మీదుగానే పోతాయి, ముఖ్యంగా వ్యాపారులవి. సేటు ఫోన్ చేసి "రేపటికి ఒకటి వేయి" అంటాడు, అంతే. కమిషన్ రెట్టింపు చేసినా అమ్మకం పెరగలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్న ఒక ఏజెంట్ నాకు తన కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు. పెద్ద సంస్థ ఏడాది అమ్మకాన్ని బట్టి స్లాబుల వారీగా ప్రోత్సాహకం ఇస్తుంది. ఈ రూటు టికెట్లు మాకు మళ్లిస్తే ఆయన స్లాబు ఒక మెట్టు పడిపోతుంది. అప్పుడు ఢిల్లీ, ముంబై టికెట్ల మీద కూడా వచ్చేది తగ్గుతుంది. మేమిచ్చే అదనపు కమిషన్ ఆ నష్టంలో ఓ మూలకు కూడా రాదు. ఆ తర్వాత ఆయన అన్నమాట ఇంకా ముఖ్యమైంది.

"అది కూడా పక్కన పెడ్త అన్నా. మొన్న మీ ఫ్లైట్ క్యాన్సిల్ అయింది. సేటు ఫోన్ మీకు చేసిండా? నాకు చేసిండు. రిఫండ్ పదకొండు రోజులకు వచ్చింది, నేను మాత్రం ఆ పూటనే నా జేబుల కెల్లి ఇచ్చిన. టికెట్ మీది, తిట్లు నాయి."

మూడోది బస్సు. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు ప్రయాణికులను ఉచితంగా తీసుకెళ్లే ఏసీ బస్సు. కాగితం మీద ఇది నాకూ నచ్చిన ఆలోచనే, ఎందుకంటే మన జిల్లాల ప్రయాణికుడికి టికెట్ ధరతో పాటు శంషాబాద్ చేరే ఖర్చు కూడా ఉంటుంది. కారు కిరాయి కొన్నిసార్లు టికెట్‌ను మించుతుంది. అయినా బస్సు దాదాపు ఖాళీగానే పోయింది.

జిన్నింగ్ మిల్లులో దొరికిన సమాధానం

బస్సు ఎందుకు ఖాళీగా పోతోందో తెలుసుకోవడానికి వ్యాపారుల దగ్గరికే వెళ్లాను. సర్వే కాగితాలు పంచలేదు. వాళ్ల గద్దెల మీద కూర్చుని, పోయినసారి మిల్లుల ఊరికి ఎట్లా వెళ్లారో ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా చెప్పమన్నాను. ఒక జిన్నింగ్ మిల్లు యజమాని బేళ్ల చిట్టీ వెనక పెన్సిల్‌తో రాసి చూపించాడు. ఫ్లైట్ 6:10కి. కౌంటర్ గంట ముందు మూస్తారు. భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ పోవడానికి దాదాపు మూడున్నర గంటలు. దారిలో టైరు పంచరైతే అని ఇంకో అరగంట. అన్నిటి కింద గీత గీసి, ఒంటిగంట అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

"ఒంటిగంటకు ఇల్లు కదలాలె సారు. అది పొద్దుగాల ఫ్లైట్ ఎట్లయితది? నిద్ర బాయె, డ్రైవర్ తూగుతుండంటే పానం గుప్పిట్ల వెట్టుకొని కూసోవాలె. ఆడికి పొయ్యి మిల్లోనితోని పంచాతి వెట్టుకునేటాళ్లకు కండ్లు మూతలు వడుతుంటయ్. తక్కువ రేటుకే ఒప్పుకొని వస్త."

ఇదే మాట వేరే రూపాల్లో కరీంనగర్ గ్రానైట్ వాళ్ల దగ్గరా, విత్తన కంపెనీల వాళ్ల దగ్గరా విన్నాను. కరీంనగర్ వాళ్లకు సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి, దూరం దాదాపు అంతే. సాయంత్రం ఫ్లైట్ గురించీ ఇదే ఫిర్యాదు. రాత్రి పదింటికి శంషాబాద్‌లో దిగితే ఇల్లు చేరేసరికి మళ్లీ అర్ధరాత్రి దాటుతుంది.

ఇక్కడ నాకు కేసు తేటపడింది. ఉదయం ఆరింటికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చే టైములు హైదరాబాద్ నగరంలో ఉండే ఆఫీసు ప్రయాణికుడి కోసం కట్టినవి. ఏ విమాన సంస్థలో అయినా రూటు ప్లానింగ్ పుస్తకం తెరిస్తే మొదటి పాఠం అదే. పెద్ద సంస్థకు ఆ ప్రయాణికుడి మీద పట్టుంది, అతని కంపెనీతో ఏడాది ఒప్పందం ఉంది, ఎక్కినకొద్దీ కలిసే మైళ్ల పాయింట్లున్నాయి. మా వాళ్లు సరిగ్గా అతని కోసమే, సరిగ్గా అదే గంటలో నిలబడి కొట్లాడుతున్నారు. అదే సమయంలో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చే ప్రయాణికుడి కోసం ఎవరూ నిలబడలేదు. అతను ధర గురించి గీచి గీచి బేరమాడడు. అతనికి కావాల్సింది రాత్రి నిద్ర.

72 సీట్లలో జిల్లాల వాళ్లతో ఎన్ని నింపగలం అన్నది తర్వాతి ప్రశ్న. అన్నీ నిండవు. ఒక ఇరవై, పాతిక సీట్లు మంచి ధరకు నిండితే మిగిలినవి హైదరాబాద్, మిల్లుల ఊరి వైపు వాళ్లతో మామూలు ధరకు నింపి 50 దాటించవచ్చు. లక్ష్యం అంతవరకే పెట్టుకున్నాం.

టైము మార్చడం

హైదరాబాద్‌లో 11:20కి బయలుదేరేలా, తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఏడు లోపు దిగేలా ప్రతిపాదించాను. హనుమకొండవాళ్లు పొద్దున ఆరున్నరకు టిఫిన్ చేసి కదలవచ్చు, మర్నాడు రాత్రి పదిన్నరకు ఇంట్లో ఉండవచ్చు. పత్తి వ్యాపారి ఎలాగూ ఒక రాత్రి అక్కడ ఉంటాడు. అదే రోజు తిరిగి రావాలన్న తొందర అతనికి లేదు.

సంస్థలో రెండు అభ్యంతరాలొచ్చాయి, రెండూ బలమైనవే. మొదటిది స్లాటు, అంటే విమానం లేవడానికో దిగడానికో విమానాశ్రయంలో కేటాయించిన టైము. రద్దీ విమానాశ్రయంలో ఇచ్చిన స్లాటును ఎనభై శాతమైనా వాడకపోతే వచ్చే సీజన్‌లో దాని మీద హక్కు పోతుంది. హైదరాబాద్‌లో ఉదయం స్లాటు మళ్లీ దొరకడం కష్టం. రెండోది, విమానం పదకొండు దాకా ఊరికే నిలబడితే ఎలా? లీజు అద్దె నెలకింత అని కట్టాల్సిందే, ఎగిరినా ఎగరకపోయినా.

రెండింటికీ ఒకే జవాబు దొరికింది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద సంస్థకు ఒక చిన్న ఊరు దక్కింది. ఉడాన్ పథకంలో కొన్ని సీట్లకు ధర పరిమితి ఉంటుంది, ఆ లోటుకు ప్రభుత్వం మూడేళ్ల పాటు డబ్బు ఇస్తుంది, సాధారణంగా ఆ కాలంలో రూటు ఆ సంస్థదే. అప్పటిదాకా ఆ ఊరి ఫ్లైట్ మధ్యాహ్నం పెట్టారు. దాన్ని ఉదయం స్లాటులోకి తెచ్చాం. ఆ ఊరివాళ్లకు కావాల్సింది కూడా ఉదయమే, పోటీ అక్కడ లేదు. విమానం పదిన్నరకు తిరిగొస్తుంది, 11:20కి మిల్లుల ఊరికి పోతుంది, అక్కడి నుంచి ఇంకో ఊరికి వెళ్లి వచ్చి, సాయంత్రం హైదరాబాద్ చేరుతుంది.

పెద్ద సంస్థ మళ్లీ వెనకాలే వస్తే? ఈ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పడం నాకిష్టం లేదు. ప్రతి విమానం తోక దగ్గర వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలుంటాయి. ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో ఆ అక్షరాలు కొడితే అది పొద్దున నుంచి రాత్రి దాకా ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరైనా చూడవచ్చు. కొన్ని వారాల పాటు వాళ్ల ఏటీఆర్‌ల రోజువారీ చుట్టు రాసుకున్నాం. మిల్లుల ఊరి నుంచి ఉదయం తిరిగొచ్చిన విమానం పది నుంచి ఒంటిగంట మధ్య వరసగా వేరే చిన్న ఊళ్లకు పోతోంది. ఆ ఫ్లైట్లన్నీ హైదరాబాద్‌లో మధ్యాహ్నం లేచే పెద్ద జెట్లకు ప్రయాణికులను తెచ్చేవి. ఇరవై, పాతిక మంది కోసం ఆ గొలుసును తెంపుకుంటే వాళ్లకు నష్టం ఎక్కువ. రారని గట్టిగా అంచనా వేశాం. రాలేదు.

వారంలో రెండు రోజులు రూటు తీసేయడం

ఇది అన్నిటికంటే కష్టంగా ఒప్పుకున్న నిర్ణయం. మంగళవారం, శనివారం మిల్లుల ఊరి ఫ్లైట్ ఆపేయమన్నాను. పోటీ ఉన్నప్పుడు ఫ్లైట్లు పెంచాలి గానీ తగ్గిస్తారా అన్నారు.

మూడు విమానాలున్న సంస్థలో ఒకటి రిపేరుకు నిలిచిపోతే టైంటేబుల్‌లో మూడో వంతు పోతుంది. పెద్ద సంస్థకు స్పేర్ విమానం ఉంటుంది, మా వాళ్లకు లేదు. రద్దులన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, ఒకటి నుంచి రెండు గంటల ఫ్లైట్‌కు 7,500 లేదా టికెట్ మూల ధర, ఇంధన చార్జీ కలిపి ఏది తక్కువైతే అది పరిహారం. ఆ డబ్బు కంటే చౌరస్తా ఏజెంట్ నమ్మకం పోవడం ఖరీదు. వారంలో రెండు రోజులు ఒక విమానాన్ని తేలిక పెడితే మెయింటెనెన్స్ పని ఆ రోజుల్లోకి జరపవచ్చు, మిగతా అయిదు రోజులు ఫ్లైట్ కచ్చితంగా లేస్తుంది. ఏడు రోజుల టైంటేబుల్ వేసి రెండు రోజులు ఎగ్గొట్టడం కంటే అయిదు రోజులని చెప్పి అయిదు రోజులూ ఎగరడం మేలు.

దాంతో పాటు ఏజెంట్లకు పెంచిన అదనపు కమిషన్ తీసేసి ఆ డబ్బును రెండు పనులకు మళ్లించాం. ఫ్లైట్ రద్దయితే రిఫండ్ ఆ పూటే ఏజెంట్ ఖాతాలో పడాలి. ప్రయాణికుడికి అర్జెంటైతే ఏ సంస్థ ఫ్లైట్‌లోనైనా, పోటీదారుడి ఫ్లైట్‌లోనైనా సరే, మా ఖర్చుతో సీటు ఇప్పించాలి. ఫైనాన్స్ వాళ్లు భయపడ్డారు. రద్దులు తగ్గాక ఆ ఖర్చు పాత కమిషన్ కంటే తక్కువే తేలింది.

ఇంకొకటి వ్యాపారులే నేర్పారు. పేమెంట్ తగాదా ఒక రోజులో తెగుతుందో మూడు రోజులో వాళ్లకు తెలియదు. చవక టికెట్‌లో తేదీ మార్చాలంటే చార్జీ వాతపెడతారు. అందుకే రానుపోను కలిపి, తిరుగు తేదీని ఊరికే మార్చుకునే టికెట్ ఒకటి పెట్టాం. ధర పెద్ద సంస్థ చవక టికెట్ కంటే బాగా ఎక్కువ. ఎనుమాముల చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల వాళ్లు అదే కొన్నారు.

ఫలితం

ఆ పత్తి సీజన్ సగానికి వచ్చేసరికి రూటు ఖర్చు తీర్చుకుంది. బస్సును కొత్త టైముకు మళ్లీ నడిపితే ఈసారి నిండింది, తర్వాత టికెట్‌కు కొంత కలిపి నడుపుతున్నారు. మా వాళ్లు 6:10 వదిలేశాక పెద్ద సంస్థ తన 5:45 ధరను మెల్లగా పాత స్థాయికి తెచ్చుకుంది. ఇద్దరూ ఇప్పటికీ ఆ రూటులో ఉన్నారు.

మామునూరు గురించి ఈ కేసు నుంచి

వరంగల్‌లో ఇప్పుడు అందరి నోటా మామునూరే. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం అది. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని షరతుకు మినహాయింపు వచ్చి, 2025 ఫిబ్రవరిలో దాని అభివృద్ధికి కేంద్రం అనుమతించింది. వ్యాపార సంఘాల సమావేశాల్లో నన్ను అడిగే మొదటి ప్రశ్న, హైదరాబాద్‌కు ఫ్లైట్ ఎంతవుతుంది అని. 145 కిలోమీటర్ల హైదరాబాద్‌కు రైళ్లూ బస్సులూ గంటగంటకూ ఉండగా ఆ ఫ్లైట్ విడిగా బతకదు. హైదరాబాద్ మీదుగా ఎక్కడికో పోయేవాళ్లకు ఒకే టికెట్, ఒకే లగేజీ దొరికితే తప్ప దానికి అర్థం లేదు, ఆ సౌకర్యం ఇవ్వగలిగింది పెద్ద సంస్థలే. కొత్త సంస్థ వస్తే నేరుగా దూరపు ఊళ్లకు వెళ్లాలి.

ప్రాంతీయ సంస్థలను తెలుగువాళ్లం దగ్గరగా చూశాం. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగింది. హైదరాబాద్ నుంచి 2015లో లేచిన ట్రూజెట్ 2022లో ఆగింది. ఇలాంటి సంస్థ మామునూరుకు వస్తే మన సంఘాలు సబ్సిడీ ఎంతిద్దాం అని మొదలుపెట్టకుండా, ముందు మన ఊరి మనిషి ఏ గంటకు ఇల్లు కదలగలడో, ఏ నెలల్లో ఎక్కడికి పోతాడో రాసి వాళ్ల చేతిలో పెట్టాలని నా గట్టి కోరిక. ఆ కాగితం బయటి సంస్థ దగ్గర ఉండదు, మన దగ్గరే ఉంటుంది.

ఈ కేసులో ఇంకా తేలనిది వేసవి. ఏప్రిల్ వచ్చేసరికి పత్తి కదలిక తగ్గిపోతుంది, జిల్లాల నుంచి నిండే ఆ పాతిక సీట్లు పదికి పడతాయి. పోయిన వేసవిలో మిల్లుల ఊరికి వారానికి మూడు రోజులే నడిపి, ఆ విమానాన్ని మిగతా రోజుల్లో పెళ్లిళ్ల, తీర్థయాత్రల రద్దీ ఉన్న రూటుకు పంపారు. రద్దీ దొరికింది గానీ అక్కడా పెద్ద సంస్థ ముందే ఉంది. వచ్చే ఏడాదికి నేనిచ్చిన సలహా, ఏప్రిల్, మే నెలల్లోనే మూడు విమానాల పెద్ద మెయింటెనెన్స్ ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చేయించుకోమని. హ్యాంగర్ బుకింగ్ కోసం ఇప్పుడు అడుగుతున్నారు.